మిల్లు కల్లంలో ఖాళీ గోల్

కూర్చుని ఆట చూడటం నా వల్ల కాదు. మా అమ్మాయి గోల్‌కీపర్. మిగతా పిల్లలు తప్పు చేస్తే ఆట సాగుతుంది, మా పిల్ల తప్పు చేస్తే గోల్ అవుతుంది. అందుకని ఆట మొదలైంది మొదలు అయిపోయేదాకా నేను గీత పక్కన కాలుగాలిన పిల్లిలా తిరుగుతూనే ఉంటాను. "మేడమ్, జర ఒక్క దిక్కు నిలబడండి, పిల్లలు పరేషాన్ అయితున్రు" అని మా కోచ్ ఎన్నిసార్లు దండం పెట్టాడో లెక్కలేదు.

మా వాళ్లు ఆడేది రోలర్ హాకీ. కాళ్లకు చక్రాల బూట్లు, చేతిలో హాకీ కర్ర. మంచు మీద ఆడే హాకీకి ఇది చుట్టమట. మాకు మంచు ఎక్కడిది? సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ కోచ్‌లు ముగ్గురూ మాట్లాడుకుని ఆడామగా కలిపి జూనియర్ పిల్లలకు ఒక లీగ్ పెట్టారు. గెలిచిన టీం స్టేట్ పోటీలకు పోతుంది గానీ, ఒక్క ఊళ్లోనూ సరైన కోర్టు లేదు. సూర్యాపేటలో ఆట ఒక ఫంక్షన్ హాల్ పార్కింగ్‌లో. పెళ్లి ఉంటే ఆట లేనట్టే. బూట్లు కట్టుకున్నాక కూడా బ్యాండ్ మేళం వచ్చి మమ్మల్ని గేటు బయటికి పంపిన ఆదివారాలున్నాయి. కోదాడలో ఒక స్కూలు వాళ్ల బాస్కెట్‌బాల్ కోర్టు. మిర్యాలగూడలో మాత్రం ఒక రైస్ మిల్లులో వడ్లు ఆరబోసే సిమెంటు కల్లం. అన్నిట్లో నున్నటిది అదే, కాకపోతే చక్రం కింద గింజ పడిందా, ఎంతటి ఆటగాడైనా బొక్కబోర్లా పడాల్సిందే.

ఆ సీజనంతా మా ఇంట్లో ఒకటే పంచాయితీ. నేను సూర్యాపేట దవాఖానలో నర్సుని, మా ఆయన ఆత్మకూర్‌లో పొలం చూసుకుంటాడు. పిల్ల పదో తరగతి. "టీం గెలిచి స్టేట్‌కు పోతే ఆడనియ్యి. లేకుంటే బంద్. ఇంటర్ల సదువు ముఖ్యం" అని సంక్రాంతికి ముందే తేల్చేశాడు. పిల్ల సరేనంది. ఆ సరే వింటే నాకు ఒళ్లు మండింది. నాతో అయితే చిన్న గిన్నె కడగమన్నా గంటసేపు వాదిస్తుంది, తండ్రి ముందు మాత్రం గంగిరెద్దులా తలాడిస్తుంది.

ఆఖరి ఆట మిర్యాలగూడలో, కోదాడ వాళ్లతో. పదో తరగతి పరీక్షలైపోయాయి, యాసంగి కోతలు జోరుగా ఉన్నాయి. మేం గెలిస్తే మేం స్టేట్‌కు, డ్రా అయినా కోదాడకే లాభం, వాళ్లకు పాయింట్లు ఎక్కువ. మా ఆయన రాలేదు. ఆత్మకూర్‌లో కొనుగోలు కేంద్రం దగ్గర మా వడ్లకు కాపలా ఉన్నాడు.

ఆరోజు కల్లం మొత్తం మాకు దొరకలేదు. ఎవరో పెద్దాయన తెచ్చిన వడ్లలో తేమ ఎక్కువుందని మిల్లు వాళ్లు తీసుకోలేదట. సగం కల్లంలో ఆయన వడ్లు ఆరుతున్నాయి, మిగతా సగంలో మా ఆట. మధ్యలో అడ్డంగా పాత బల్లలు పెట్టారు.

మా వాళ్లు ముందే ఒక గోల్ వేశారు. ఆ తర్వాత కోదాడ పిల్లలు మా గోల్ మీదికి వస్తూనే ఉన్నారు, మా అమ్మాయి కాలితో, కర్రతో, ఒకసారి హెల్మెట్‌తో కూడా ఆపింది. ఇంకాసేపే. నేను గోళ్లు కొరుక్కోవడం మానేసి చీర కొంగు కొరుకుతున్నాను. అప్పుడు గాలి లేచింది. మబ్బు ఎప్పుడు కమ్మిందో ఎవరం చూడలేదు. పెద్ద పెద్ద చినుకులు సిమెంటు మీద టపటపా పడ్డాయి.

ఇక నాకు ఆట గుర్తులేదు. బల్లలు దూకి వడ్ల వైపు ఉరికాను. వడ్ల పక్కన టార్పాలిన్ పట్టా చుట్టి ఉంది. ఒక కొస పట్టి లాగాను, కదల్లేదు. ఉన్నట్టుండి తేలికైంది. చూస్తే రెండో కొస మా అమ్మాయి చేతుల్లో ఉంది. చక్రాలు వడ్లలో దిగబడి నడవలేక, ఆ లావుపాటి ప్యాడ్లతో మోకాళ్ల మీద పాకుతూ లాగుతోంది. దాని వెనక మా వాళ్లిద్దరు హాకీ కర్రలతో వడ్లు కుప్పకు నెడుతున్నారు.

సరిగ్గా అప్పుడే, దాని భుజం మీదుగా, ఖాళీ గోల్‌లోకి బంతి వెళ్లడం చూశాను.

"గోల్ కాడికి పో! పోవే!" అని అరిచాను.

"అమ్మా, పట్టా గట్టిగ పట్టుకో, గాలికి లేస్తది!" అంది.

గట్టిగా పట్టుకున్నాను.

గోల్ కొట్టిన పిల్లాడు చుట్టూ చూసి, కర్ర పడేసి వాడూ వచ్చి ఒక మూల పట్టాడు. అప్పుడు మోగింది విజిల్. వాన తగ్గాక నేను రెఫరీ మీద విరుచుకుపడ్డాను. ఆయన మిర్యాలగూడ పీఈటీ సారు. "నేను విజిల్ ఎయ్యకముందే పడ్డది మేడమ్. గోల్ గోలే" అన్నాడు. కోదాడ కోచ్ తల దించుకుని, "మావాడు ఆట ఆగలేదనుకుని కొట్టేశాడండీ" అన్నాడు. కల్లం తడిసి చక్రాలు నిలవని పరిస్థితి. డ్రా అని రాసేశారు.

వడ్ల పెద్దాయన గేటు బయట టీ తాగడానికి పోయాడట, ఒగరుస్తూ వచ్చాడు. మేమెవరమో ఆయనకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. టార్పాలిన్ చుట్టూ రాళ్లు పెట్టుకుంటూ "జరుగున్రి, జరుగున్రి, తొక్కకున్రి" అని మమ్మల్నే కసిరాడు.

బస్సెక్కగానే మా ఆయనకు ఫోన్ చేశాను. నీ బిడ్డ గోల్ వదిలేసి పోయింది, ఆట పోయింది, సీజన్ పోయింది అని ఏకరువు పెట్టాను. అంతా విన్నాడు.

"మరి ఆయన వడ్లు తడిసినయా?"

"తడవలే."

"పాపకియ్యి ఫోను."

పిల్ల ఊఁ కొట్టింది. మళ్లీ ఊఁ కొట్టింది. ఫోన్ నా ఒళ్లో పెట్టేసి కిటికీ వైపు తిరిగి, అప్పటిదాకా లేని ఏడుపు వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఏమన్నడే?"

"మంచి పని చేసినవ్ బిడ్డా అన్నడు. ఇగ సదువుకో అన్నడు."

ఫోన్ ఇంకా ఆన్‌లోనే ఉంది. చెవికి పెట్టుకున్నాను.

"మంచి పని చేసినందుకు ఆట బంద్ జేస్తవా? బంద్ లేదు, గింద్ లేదు. అది ఆడుతది."

బస్సులో సగంమంది నావైపు తిరిగారు. అవతల ఆయన గొంతు తగ్గించాడు.

"యాడ ఆడుతది? జూనియర్ అయిపాయె. పెద్ద పిల్లలకు మన దిక్కు టీమే లేదు గద?"

అది నిజమే.

"తెల్వది," అన్నాను. "తెల్వది గని, ఆడుతది."