సుత్తి చేతికి కంప్రెసర్

"ఏరా, నీకు దెబ్బలంటే భయమా?" అని హాలు ఓనరు అడిగాడు, పదిమందీ వింటుండగా, చేతిలో విరిగిన కుర్చీ కాలు పట్టుకుని.

అడిగింది బేస్ గిటార్ వాయించేవాణ్ణి. ఆ హాల్లో అతని అసలు పేరు ఎవరికీ తెలీదు, అందరూ సుత్తి అనే పిలుస్తారు. ఆగకుండా వాగేవాణ్ణి సుత్తి అనడం మనకు అలవాటు కానీ, ఇతను రోజంతా ఆడే మాటలు గ్లాసులో పోస్తే అడుగు కూడా తడవదు. పేరు చేతి వల్ల వచ్చింది. అన్న నడిపే డెంటింగ్ షెడ్డులో, ఎవడో గుద్దేస్తే లోపలికి పోయిన కారు తలుపుల్ని సుత్తితో సాపు చేస్తూ పెరిగిన చెయ్యి అది. బేస్ తీగల మీద కూడా అలాగే పడుతుంది.

సంగీతం మనిషిని మెత్తబరుస్తుందని సభల్లో చెబుతూ ఉంటారు. చెప్పేవాళ్ళని ఒక్క జీతాల శనివారం తీసుకొచ్చి ఈ హాల్లో కూర్చోబెట్టాలి. మిల్లులో మధ్యాహ్నం షిఫ్టు దిగినవాళ్ళు జేబులో జీతంతో నేరుగా ఇక్కడికే వస్తారు. తాగడానికి బల్లలు, ఎగరడానికి నడుమ కాస్త ఖాళీ, ఒక మూల మోకాలెత్తు చెక్క వేదిక. బల్లల్ని నేలకి బోల్టులేసి బిగించారు. కుర్చీల దగ్గరికొచ్చేసరికి ఓనరు పిసినారితనం అడ్డొచ్చింది, అందుకే అవి గాల్లో లేస్తుంటాయి. గాజు గ్లాసులు తీసేసి రేకు గ్లాసులు పెట్టారు. రేకు గ్లాసుతో కూడా పన్ను రాలుతుందని ఆ తర్వాత తెలిసింది.

ఈ హాల్లో వాయించేవాళ్ళకి ఒకటే నియమం. కొట్లాట మొదలైతే పాట ఆగకూడదు. పాడే అమ్మాయి వంగి దాక్కోవచ్చు. కీబోర్డువాడు బల్ల కింద దూరొచ్చు, దూరతాడు కూడా. డ్రమ్ములూ బేసూ మాత్రం నడవాలి. పాట నడుస్తున్నంతసేపూ కొట్లాట ఆ ఒక్క బల్ల దగ్గరే ఉంటుంది, పక్క బల్లవాడికి అది మామూలు గోలే. పాట ఆగిందా, మొదటి బూతు హాలంతా వినబడుతుంది. అన్ని తలలూ అటు తిరుగుతాయి. తిరిగిన ప్రతి తలకీ ఏదో పాత పగ గుర్తొస్తుంది.

సుత్తి తప్పల్లా అక్కడే. మామూలప్పుడు అతని బేసు గడియారంలా నడుస్తుంది. ఎక్కడో ఒక గుద్దు పడిందంటే చాలు, ఒక దెబ్బ చెవులు పగిలేలా, తర్వాతి దెబ్బ మింగేసినట్టు, ఎగుడుదిగుడుగా పోతుంది. పోయిన జీతాల శనివారం అలాగే వాయిస్తూ వాయిస్తూ ఒక్క పోటు వేశాడు. పాత దుప్పటి చింపినట్టు స్పీకరు లోపలి పొర పర్రున చిరిగింది. పాట ఆగింది. తలలు తిరిగాయి. ఓనరు చేతిలోకి కుర్చీ కాలు అలా వచ్చింది.

"వచ్చే జీతాల దాకా చూస్తాను," అన్నాడు ఓనరు. "అప్పటికీ ఇలాగే వణికావంటే కీబోర్డువాడి ఎడమ చెయ్యి చాలు నాకు. ఆ చేతికి వేరే జీతం కూడా ఇవ్వక్కర్లేదు."

సుత్తి నిజం చెప్పుంటే ఓనరే భయపడేవాడు. ఆ వణుకు భయం వల్ల వచ్చింది కాదు. కొట్టుకుంటున్నవాళ్ళని చూస్తే అతని చేతికి నోరూరుతుంది.

ఈ సంగతి ఇద్దరికే తెలుసు, అక్కకీ బావకీ. షెడ్డులో అన్న చెయ్యి చేసుకోవడానికి కారణం ఉండేది కాదు, వేళ మాత్రం ఉండేది. టీకి ముందొకటి, టీ తర్వాత ఒకటి. రేకు సాపుగా రాకపోతే మెడ మీద, సాపుగా వస్తే ఆలస్యమైందని మెడ మీద. ఒకరోజు అన్న కారు తలుపు మీద చెయ్యి ఆనించి తిడుతున్నాడు. సుత్తి ఆ చేతి మీద దించాడు. అన్న గిలగిల్లాడుతూ చెయ్యి లాక్కోబోతే మణికట్టు పట్టుకుని ఆపి రెండో దెబ్బ వేశాడు. మొదటిది పొరపాటని ఎవరైనా అనుకోవచ్చు. రెండోదానికి ఆ వీల్లేదు. అన్న కుడిచేతి రెండు వేళ్ళు ఇప్పటికీ మడత పడవు, షెడ్డు తలుపు ఇతనికి ఇప్పటికీ తెరుచుకోదు. చేతిలో ఇంకో పని లేదు. హాలు పోతే అన్నీ పోయినట్టే.

అక్క తనింటికి తెచ్చుకుంది. ఆమె మొగుడు ఆ హాల్లోనే డ్రమ్ములు వాయిస్తాడు. "వీడి చెయ్యి దేన్నో ఒకదాన్ని కొట్టకుండా ఉండదు," అంది మొగుడితో. "నువ్వు తోలు కొడుతున్నావుగా, వీడికి ఆ తీగలివ్వు. మనిషి కాకపోతే చాలు." సుత్తి సంగీత జీవితం ఇలా మొదలైంది. దీంట్లో సరస్వతి కటాక్షం వెతకడం దండగ.

ఇన్నాళ్ళూ హాల్లో ఏ ఘోరమూ జరగలేదంటే అది బావ కాలి పుణ్యం. సుత్తి వేదిక మీద బావకి ముందు కొంచెం పక్కకి, జనం వైపు తిరిగి నిలబడతాడు. కొట్లాటలో అతని బేసు మొదట బరువెక్కుతుంది, తర్వాత తాళం కన్నా ముందుకి తోసుకొస్తుంది. అది వినబడగానే బావ డ్రమ్ముల సందులోంచి ఎడమ కాలు చాపి బామ్మర్ది మోకాలి వెనక ఒక్కటి తంతాడు. మోకాలు వంగుతుంది, దాంతోపాటు కోపం కూడా కాస్త వంగుతుంది. తాను చెవితో పసిగట్టే తంతున్నానని బావ ఎన్నడూ ఆలోచించలేదు. అన్నం తినేవాడు నమలడం గురించి ఆలోచిస్తాడా!

ఓనరు గడువు పెట్టిన వారంలోనే బావా బామ్మర్దులు వాయిద్యాల కొట్టుకి వెళ్ళారు. కంప్రెసర్ అనేదొకటి కొంటే ఎగుడుదిగుళ్ళు పోతాయని కీబోర్డువాడే చెప్పాడు. బల్ల కిందనుంచి చెప్పినా మంచి సలహానే.

"ఎలాంటి పాటలకి సార్?" అన్నాడు కొట్టతను.

"పాటలకి కాదు, కొట్లాటలకి," అన్నాడు బావ.

కొట్టతను నవ్వి, నవ్వింది తానొక్కడేనని గమనించి, విషయంలోకి వచ్చాడు. కంప్రెసర్ ఒక గీత గీసుకుంటుంది. ఆ గీత దాటి పైకెగిరిన చప్పుడు నెత్తి మీద చెయ్యి పెట్టి కిందికి నొక్కుతుంది. ఎంత గట్టిగా నొక్కాలో చెప్పే మర ఒకటి, వేళ్ళతో తిప్పేది. ఎంత తొందరగా మీద పడాలో చెప్పేది అటాక్. పట్టుకున్నదాన్ని ఎంతసేపటికి వదలాలో చెప్పేది రిలీజ్. నొక్కేశాక మొత్తం చప్పుడు చిన్నబోతుంది కాబట్టి దాన్ని మళ్ళీ పైకెత్తేది ఇంకొకటి.

"పోలీసు ఉద్యోగమన్నమాట," అన్నాడు బావ.

కొట్టతను మూడు పెట్టెలు దించాడు. ఒకటి అరచేతిలో పట్టేంత చిన్నది, దానికి ఉన్నది ఒక్కటే మర. రెండోదానికి అన్ని మరలూ ఉన్నాయి, ఎంత నొక్కుతోందో చూపించే చిన్న దీపాల వరస కూడా ఉంది. మూడోది ఇనప్పెట్టెలా ఉంది. దాని ధర విని బావ అన్నాడు: "ఇది కొనాలంటే మీ అక్కని తాకట్టు పెట్టాలి. పెట్టుకున్నవాడు తెల్లారేసరికి ఎదురు డబ్బిచ్చి దింపిపోతాడు." మూడోది పైకెక్కింది.

మిగిలిన రెండూ సుత్తి వాయించి చూశాడు. తేడా తెలియలేదు. కొట్టులో నిలబడి, తెల్ల దీపం కింద, బుద్ధిగా వాయిస్తే ఏ కంప్రెసరైనా ఒకటే. అందరూ చేసే తప్పిదే. మంచి మనసుతో వాయించి చూసి కొంటారు, చెడ్డ మనసుతో వాడతారు.

"కోపంగా వాయించరా," అన్నాడు బావ.

"ఊరికే కోపం ఎలా వస్తుంది బావా?"

బావ చెంప పగలగొట్టాడు. కొట్టతని కళ్ళద్దాలు జారిపోయాయి. "సార్! సార్! బయట కొట్టుకోండి సార్, లోపలంతా గాజు!"

"మీరుండండి, బేరం నడుస్తోంది," అని బావ రెండో చెంప కూడా సరిచేసి, చెవి దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు. "మీ అన్నకి వేళ్ళు మడత పడుతున్నాయా?"

సుత్తి తీగల మీద పడ్డాడు. ఒక్క మర ఉన్న పెట్టె ఆ దెబ్బలకి పుట్టకముందే పీక నొక్కేసింది. దిండు మీద గుద్దినట్టుంది. ఆగినప్పుడు స్పీకరులోంచి పాము బుసలాంటి చప్పుడు పైకి లేచింది. రెండోదానిలో కొట్టతను అటాక్ మర నెమ్మది వైపు తిప్పాడు. దెబ్బ మొన బయటికొచ్చింది, గుండెకి తగిలింది, ఆ తర్వాత పెట్టె దాన్ని ఒడిసి పట్టుకుంది. రిలీజ్ మరీ సాగదీస్తే వెనకొచ్చే చిన్న దెబ్బలు కూడా మునిగిపోతున్నాయి. దాన్ని కురచ చేశాడు. ఇప్పుడు సుత్తి పళ్ళు కొరుకుతూ, నుదుటి నరం ఉబ్బించి వాయిస్తున్నా, వినేవాడికి మాత్రం బుద్ధిమంతుడి బేసే. దీపాలన్నీ ఎర్రగా వెలుగుతున్నాయి, చప్పుడు చదునుగా నడుస్తోంది.

"ఇదే," అన్నాడు బావ. తిప్పిన మరలు కదలకుండా, ఇంటికొచ్చాక అక్క గోళ్ళ రంగు తీసి ఒక్కోదాని మీద ఎర్ర చుక్క పెట్టాడు. "నా రంగు ముట్టుకుంటే నీ గోళ్ళూడదీస్తా," అందామె. ఆ ఇంట్లో ముద్దుమాటలు అలాగే ఉంటాయి.

జీతాల శనివారం వచ్చింది. రెండో పాటలోనే గోడవైపు బల్ల దగ్గర మొదలైంది. ఒక లారీ డ్రైవరూ మిల్లులో మూటలు మోసేవాడూ. ఎందుకో వాళ్ళకే తెలియదు. రేకు గ్లాసు అంచు మూటలవాడి కనుబొమ మీద దిగింది, రక్తం కంట్లోకి కారింది. గుడ్డివాడిలా విసిరిన పిడికిలి డ్రైవరు ముక్కుకి తగిలింది. పాడే అమ్మాయి వంగింది. కీబోర్డువాడు తన చోటికి తాను వెళ్ళాడు. డ్రమ్ములూ బేసూ నడిచాయి.

బేసు నిక్కచ్చిగా, నున్నగా, చీమంత వణుకు లేకుండా నడిచింది. పక్క బల్లలవాళ్ళు తాగుతూనే ఉన్నారు. కౌంటరు వెనక ఓనరు తల ఊపాడు. బామ్మర్ది ఇన్నాళ్ళకి చల్లబడ్డాడనుకుని బావ కాలు కూడా చాపలేదు. అతనికి వినబడేది స్పీకరులోంచి వచ్చేదే కదా. ఎర్ర దీపాలు సుత్తి వైపు తిరిగి ఉన్నాయి. వరసంతా వెలుగుతూ ఉండిపోయిందని వేదిక మీద చూసినవాడు అతనొక్కడే.

మూటలవాడు కింద పడ్డాడు. డ్రైవరు బూటు కాలితో డొక్కలో తంతున్నాడు, ఊపిరి తీసుకుని మళ్ళీ తంతున్నాడు. సుత్తి భుజం మీంచి పటకా తీసి, గిటారు మెడ రెండు చేతులా పట్టుకుని, వేదిక దిగాడు. వైరు ఇంకా తగిలించే ఉంది, పిడికిళ్ళ కింద తీగలు స్పీకర్లలో మోగుతూనే ఉన్నాయి. డ్రైవరు తలెత్తేలోగా చెక్క వీపు వచ్చి దవడకి తగిలింది.

ఎముక విరిగిన చప్పుడు తీగల్లోంచి వైరులోకి, వైరులోంచి పెట్టెలోకి పోయి స్పీకర్లలో వినబడింది. కంప్రెసర్ దాన్ని కూడా నొక్కింది. ఆ దవడ, అంతకు ముందు వాయించిన ప్రతి దెబ్బంత చప్పుడే చేసింది, పిసరు ఎక్కువ కాదు. అందుకే బావ ఇంకో రెండు దెబ్బలు తాళం వేశాక గానీ చూడలేదు.

అప్పటికి వైరు ఊడింది. బేసు ఆగింది. తలలు తిరిగాయి.

తర్వాత జరిగింది వర్ణించడం అనవసరం. కుర్చీలున్న చోట కుర్చీలు, లేనిచోట మోచేతులు. ఒకడి చెవి తమ్మె ఇంకొకడి పళ్ళ మధ్య మిగిలింది. డ్రమ్ము తోలు మీద ఎవడో తలతో పడ్డాడు. ఓనరు బకెట్లతో నీళ్ళు గుమ్మరించాడు, నీళ్ళు ఎర్రబడ్డాయి తప్ప మనుషులు చల్లబడలేదు. సుత్తిని ఐదుగురు కలిసి పట్టుకుంటే బావ ఛాతీ మీద కూర్చుని ఆపాడు.

మర్నాటికి మిల్లులో కథ తయారైంది, పడిపోయిన పేద కూలీ కోసం సుత్తి ప్రాణాలకు తెగించాడని. ఇలాంటి కథలు అల్లడానికి మనకి ఒక్క పూట చాలు. అక్క కూడా ఆశపడింది.

"ఆ కింద పడ్డవాణ్ణి కాపాడ్డానికే కదరా?"

"వాడెవడో చూళ్ళేదక్కా."

"మరి?"

"దవడ కనబడింది."

అక్క అన్నం పెట్టింది. బావని మాత్రం వంటగదిలోకి పిలిచి నిలదీసింది. "వెనకే ఉన్నావు, కాలేమైంది నీకు? పడిపోయిందా?"

"వినబడలేదే," అన్నాడు బావ. అన్నాక, తన మాట తనకే ఎక్కి, చేతిలో గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఓనరు చెవి కోసం, తాగేవాళ్ళ చెవి కోసం పెట్టె ఎంచారు. దాంతో ఇన్నేళ్ళూ దవడల్ని కాపాడిన ఒక్క చెవిలో మట్టి కొట్టారు.

ఓనరు సుత్తిని వెళ్ళగొడతాడనే అందరూ అనుకున్నారు. ఓనరూ అదే అనుకున్నాడు. కానీ డ్రైవరు తాలూకు మనుషులు నలుగురు వచ్చి కౌంటరు ముందు నిలబడ్డారు. దవడకి తీగ కట్టించడానికీ, విషయం పోలీసుల దాకా పోకుండా ఉండడానికీ ఓనరే చెల్లించాల్సి వచ్చింది. వెళ్ళగొడితే అది రాబట్టేదెవరి దగ్గర? "పనిలోనే చావు," అన్నాడు సుత్తితో. బావతో ఇంకో మాట అన్నాడు. "ఈసారి వాడు వేదిక దిగితే నీ ఉద్యోగం కూడా దిగుతుంది."

బావ మళ్ళీ ఆ వాయిద్యాల కొట్టుకి వెళ్ళాడు. అతన్ని చూడగానే కొట్టతను గాజు బీరువాకి అడ్డంగా నిలబడ్డాడు. ఈసారి కావలసింది చిన్న వస్తువు. గిటారు నుంచి వచ్చే వైరుని రెండుగా చీల్చే పెట్టె. ఒక పాయ కంప్రెసర్‌లోంచి స్పీకర్లకి పోతుంది. రెండో పాయ ఏ నొక్కుడూ లేకుండా నేరుగా బావ చెవిలోకి పోతుంది. డ్రమ్ముల వెనక కూర్చుని అతను ఇప్పుడు ఒక చెవికి హెడ్‌ఫోన్ పెట్టుకుంటాడు. హాలంతా వినేది చదునైన బేసు. అతనొక్కడు వినేది పిడిగుద్దులు. కొట్లాట రోజుల్లో ఇంటికొచ్చాక కూడా ఆ చెవి హోరెత్తుతూనే ఉంటుందట, అక్క పిలిస్తే పలకకపోవడానికి అదో వంక.

సుత్తి ఇప్పటికీ అక్కడే వాయిస్తున్నాడు. మోకాలి వెనక ఎప్పుడూ ఒక నల్లమచ్చ ఉంటుంది. జీతంలోంచి నెలనెలా కోసుకుంటున్నా, డ్రైవరు దవడ ఖర్చులో ఓనరుకి ఇంకా పద్నాలుగు వేలు రావాలి.