ఉప్పుటేరు దాటించిన మా సోషల్ సారు

మా సోషల్ సారు పోయారని పోయిన నెల వాళ్ళ అబ్బాయి ఫోన్ చేసి చెప్పాడు. తెల్లవారుజామున నిద్రలోనే పోయారట. తొంభై దాటాయి, మంచాన పడలేదు, ఎవరిచేతా చేయించుకోలేదు, అదృష్టవంతుడు అని ఇలాంటప్పుడు అందరూ అనే మాటే ఆ అబ్బాయీ అన్నాడు. నేనూ ఊఁ కొట్టాను. ఫోన్ పెట్టేశాక మాత్రం, ఏడుపు కంటే ముందు నాకు వచ్చింది భయం. డెబ్బై దాటిన ముసలిదానికి ఇప్పుడు భయమేమిటని మీరు నవ్వొచ్చు. అది నా పన్నెండో ఏటి భయం. దాన్ని పక్కన పెట్టి ఆయన గురించి చెప్పడం నాకు చేతకాదు.

అరవయ్యో దశకం మొదట్లో వెంకటాచలం పక్కన మా బడి. పిల్లల్లో చాలామందిమి వరి పండించే ఇళ్ళవాళ్ళం. కసుమూరు వైపు నుంచి కొందరు సాయిబుల పిల్లలు వచ్చేవాళ్ళు. సారుకి అప్పటికి ముప్పై ఏళ్ళుంటాయేమో. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. సుద్దముక్క చెవి మీద పెట్టుకుని మరచిపోయి బడంతా వెతికేవారు. మేం చెప్పకుండా నవ్వుకునేవాళ్ళం. పాఠం మొదలుపెట్టగానే గచ్చు మీద గొంతుక్కూర్చుని కోట గీసేవారు, ఏనుగుల సాల గీసేవారు, వంటశాల గీసేవారు. "రాజు పేరు తర్వాత చెబుదువులే. ఇంతమందికి అన్నం ఎవరు వండినారో అది చెప్పు ముందు," అనేవారు. పరీక్షలో ఆ ప్రశ్న ఎప్పుడూ రాలేదు. మాకు మాత్రం ఆ వంటవాళ్ళే గుర్తుండిపోయారు.

ఆయన తరచుగా అనే మాట ఇంకొకటి ఉంది. "భయమేస్తే భయమేసిందని చెప్పండి. నేను నవ్వను." నిజంగానే నవ్వేవారు కాదు. ఇన్‌స్పెక్టరు వస్తున్నాడంటే కడుపునొప్పి అని ముడుచుకుపోయే పిల్లవాడితో కూడా, "నాకూ అంతేరా, పద, ఇద్దరం కలిసి నిలబడదాం," అన్నారు. నాకు ఆ మాట చిన్నపిల్లల కోసమని అనిపించేది. నేను ఏడో తరగతి లీడర్ని, కళ్ళంలో నాయన ధాన్యం కొలుస్తుంటే కుంచాల లెక్క తప్పకుండా చెప్పగలదాన్ని. నాకు భయమేమిటి?

మా ఊరికి సముద్రం ఎంతో దూరం కాదు. అయినా మాలో సముద్రాన్ని చూసినవాళ్ళు ఇద్దరో ముగ్గురో. ఒక్క రోజులో పొద్దున వెంకటగిరి రాజావారి మహళ్ళు, సాయంత్రం కృష్ణపట్నం రేవు చూపించి ఇంటికి చేర్చాలని సారు పట్టు పట్టారు. అందుకోసం ఇల్లిల్లూ తిరిగారు. మా అరుగు మీద కూర్చున్నప్పుడు మా నాయన, "ఆడపిల్లని సముద్రం కాడికి పంపేదేంది సార్, నలుగురూ ఏమంటారు," అన్నాడు. సారు మజ్జిగ తాగి గ్లాసు కింద పెట్టి, "ఎట్టా తీసకపోతానో అట్నే తెచ్చి మీ చేతుల్లో పెడతా. నాది పూచీ," అన్నారు. అదే మాట ముప్పై ఒక్క ఇళ్ళలో చెప్పారు.

తోడు రావలసిన లెక్కల సారుకి ఆ రోజే జ్వరం తగిలింది. సోషల్ సారు ఒక్కరే మమ్మల్ని బస్సెక్కించారు. జతలు జతలుగా చేతులు పట్టుకోమన్నారు. ముప్పై ఒక్క మందిమి కాబట్టి ఒకరు మిగిలారు. ఆరో తరగతి మస్తాన్‌బీ, అందరికంటే చిన్నది, చింతపిక్కంత పిల్ల. దాన్ని నాకు అంటగట్టారు. నాకు అప్పటికే జత ఉంది. లీడర్ని కాబట్టి రెండో చెయ్యి దానికివ్వాల్సి వచ్చింది.

వెంకటగిరిలో దివాణంలో ఎన్నో ఏళ్ళు పనిచేసిన ఒక ముసలాయన మాకు గదులు చూపించాడు. తాళంచెవుల గుత్తి ఆడించుకుంటూ ముందు నడిచేవాడు. లోపల చీకటి, బూజు వాసన. గుడ్డలు కప్పిన దీపాల గుత్తులు పైనుంచి వేలాడుతున్నాయి. నిలువెత్తు అద్దాల్లో మా ముఖాలు మాకే ఎవరివోలా కనిపించాయి. ఒక గదిలో గోడ మీద పులి తలకాయ నోరు తెరుచుకుని ఉంది. మస్తాన్‌బీ చెయ్యి చెమటతో నా చేతిలోంచి జారిపోతోంది. "నాకు భయంగా ఉందక్కా," అంది. "చచ్చిన పులికి భయపడతావా, పిరికిదానా," అని నేను వెక్కిరించాను. అది నన్ను వదిలి నేరుగా సారు దగ్గరికి పోయి అదే మాట చెప్పింది. సారు దాన్ని ఎత్తుకుని పులి ముఖం దాకా లేపి, "చూడు, గోలీకాయలు పెట్టినారు కళ్ళకి. రంగు కూడా సరింగా కుదర్లా," అన్నారు. ముసలాయనకి కోపం వచ్చింది. పిల్ల మాత్రం నవ్వింది.

మధ్యాహ్నం దాటాక కృష్ణపట్నం చేరాం. ఒడ్డున కూర్చుని పులిహోర, పెరుగన్నం తిన్నాం. సముద్రం అవతల ఉంది, మధ్యలో ఉప్పుటేరు. పడవలో రెండు విడతలుగా దాటించారు. ఇసుకదిబ్బ ఎక్కేసరికి ఎదురుగా సముద్రం. అంత నీళ్ళు ఒకచోట ఉంటాయని ఎవరు చెప్పినా నమ్మేదాన్ని కాను. అల వెనక్కి పోతుంటే పాదాల కింద ఇసుక జారి, నేలే నన్ను వదిలేస్తున్నట్టు అనిపించింది. నేనూ నా స్నేహితురాళ్ళూ కేకలేస్తూ ఆడుకున్నాం. మస్తాన్‌బీ నా పరికిణీ పట్టుకుని వదలలేదు. విసుగొచ్చి, "పో, కాసేపు ఇంకెవరి చెయ్యన్నా పట్టుకో," అని విదిలించాను. అది పోయింది. ఎటు పోయిందో నేను చూడలేదు.

పొద్దు వాలుతుండగా మబ్బు పట్టింది. పోటు మొదలైందనీ, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర నీళ్ళు తిరుగుతున్నాయనీ పడవ మనిషి తొందరపెట్టాడు. మొదటి విడతలో పదహారు మంది, రెండో విడతలో సారుతో పదిహేను మంది. మొదటి పడవకి నేను పెద్ద. "అందరూ ఎక్కినాక లెక్కబెట్టి నాకు చెప్పు, అప్పుడు పంపిస్తా," అన్నారు సారు. తన పదిహేను మందిని ఇసుక మీదే నిలబెట్టి లెక్క చూసుకున్నారు. నేను పడవ అంచున నిలబడి, ఒక్కొక్కరి భుజం మీద వేలు పెట్టి, కళ్ళంలో నాయన ఒకటికి బదులు అన్నట్టే "లాభం, రెండు, మూడు" అని మొదలుపెట్టాను. పడవ మనిషి గడకర్ర అడ్డం పెట్టాడు.

"ఏందమ్మే అది? పడవెక్కిన మనుషుల్ని లెక్కబెట్టబాక. ఏటికి అప్పజెప్పినట్టు అవతది."

మా ఇంట్లో కూడా పంక్తిలో కూర్చున్నవాళ్ళని లెక్కపెట్టనిచ్చేవాళ్ళు కారు. అందుకే ఆ మాట నన్ను పట్టుకుంది. మసక నీళ్ళు చూశాను. ఒక్కొక్కరినీ పేరుపేరునా ఏటికి అప్పగిస్తున్నట్టే అనిపించి వేలు వెనక్కి తీసుకున్నాను. గాలిలో సారు కేక వినిపించింది, "సరిపోయినారా?" అని. లెక్కపెట్టలేదని చెబితే పడవ ఆగుతుంది, పడవ మనిషి తిడతాడు, లీడర్ననే గొప్ప పోతుంది. "సరిపోయినారు సార్," అని అరిచాను.

రెండో విడత కూడా వచ్చాక అందరం బస్సెక్కాం. నా పక్కన కొంచెం చోటు మిగిలింది. అది మస్తాన్‌బీ కూర్చున్న చోటు. అప్పటికే సారు వరసలన్నీ చూసుకుంటూ వస్తున్నారు. నా దగ్గర ఆగి, "మస్తాన్‌బీ ఏది? పడవలో లెక్కబెట్టినావు గదా?" అన్నారు. నేను తల ఊపాను. మొదటి అబద్ధం గాలిలో అరిచి చెప్పింది. ఇది ముఖంలోకి చూస్తూ చెప్పింది. పడవ దిగిందంటే ఈ ఒడ్డునే ఎక్కడో ఉండి ఉంటుందని సారూ, డ్రైవరూ గుడిసెల వెంట, ఈతచెట్ల వెంట వెతకడం మొదలుపెట్టారు. పేరు పెట్టి పిలుస్తున్నారు. అవతల పోటు ఎక్కుతోంది. పడవలో దాన్ని చూడలేదు కాబట్టి పిల్ల అవతలే ఉందని నాకు తెలుసు. నా నోరు మాత్రం పెగల్లేదు. అంత భయం నాకు మళ్ళీ ఎప్పుడూ కలగలేదు, నా బిడ్డల పురుళ్ళప్పుడు కూడా.

ఎంతసేపయిందో తెలియదు. అర్ధగంట అనుకుంటాను. సారు చెమటలు కక్కుతూ బస్సు దగ్గరికి వచ్చారు. చెవి మీద సుద్దముక్క ఇంకా అలాగే ఉంది. దాన్ని చూసేసరికి నాకు ఏడుపు ఆగలేదు. దిగి పోయి, "భయమేస్తంది సార్," అన్నాను.

"చెప్పమ్మే."

"పడవలో లెక్కబెట్టలా. ఆయన వద్దన్నాడు. ఇందాక కూడా అబద్ధం చెప్పినా."

కొడతారనుకున్నాను. ఆయన నా వైపు రెండోసారి కూడా చూడలేదు. రేవు వైపు పరుగెత్తారు. పడవ మనిషి రానన్నాడు. "ఈ పోటులో దాటితే సుడిలోకి లాగేస్తది సార్, తెల్లారి పోదాం," అన్నాడు. ఆయన అన్నదీ అబద్ధం కాదు. "తెల్లారేదాకా దాన్ని ఆడ వదిలి, వాళ్ళమ్మ ముఖం నేనెట్టా చూసేది," అని ఒక్క మాట అని సారు పడవలో ఎక్కి కూర్చున్నారు. ఎక్కిన మనిషిని దించలేక పడవ మనిషి గడ వేశాడు.

డ్రైవర్ బస్సు తిప్పి దీపాలు నీళ్ళ మీదికి పెట్టాడు. ఆ వెలుగు సగం దూరమే పోయింది. పడవ ఆ వెలుగు దాటి మసకలోకి పోయింది. మేం ఒడ్డున నిలబడ్డాం. కొందరు వెంకటేశ్వరుడికి మొక్కారు, కొందరు కసుమూరు దర్గా మస్తానయ్యకి మొక్కారు. నేను ఇద్దరికీ మొక్కాను. పోతే సారూ, పిల్లా, పడవ మనిషీ ముగ్గురూ పోతారు, ఆ ముగ్గుర్నీ పోగొట్టింది నేను. ముప్పై ఇళ్ళవాళ్ళూ రేపు నన్ను చూసే చూపు నాకు అప్పుడే కనిపించింది. మా నాయన ముఖం కూడా కనిపించింది. అలల చప్పుడులో ప్రతిసారీ ఎవరో కేకేసినట్టు అనిపించేది. ఎవరూ కాదు.

చివరికి గడకర్ర చప్పుడు వినిపించింది. ముందు పడవ మనిషి తలగుడ్డ కనిపించింది, తర్వాత సారు, ఆయన పక్కన చిన్న తల. పిల్ల సరుగుడు చెట్ల చాటుకి ఒంటికి పోయిందట, సిగ్గుపడి దూరంగా పోయి కాసేపు దారి తప్పిందట. తిరిగొచ్చేసరికి దిబ్బ మీద ఎవరూ లేరు. ఏడ్చిందా అంటే లేదంది. "సారు వస్తారని కూసున్నా," అంది అంతే.

మరుసటి రోజు పెద్దసారు గదిలో ఊరిపెద్దలు, మస్తాన్‌బీ వాళ్ళ అబ్బ, మా నాయన కూర్చున్నారు. నేను కిటికీ బయట గోడకి అతుక్కుని ఉన్నాను. నా పేరు ఎప్పుడు బయటికొస్తుందా అని వింటున్నాను. "లెక్క ఎట్టా తప్పింది?" అని అడిగారు. "లెక్క నాదే. నేనే తప్పినా," అన్నారు సారు. నా పేరు ఎత్తలేదు. నేనూ లోపలికి పోలేదు. నెల తిరక్కుండా ఆయన్ని ఉదయగిరి కొండల వైపు ఒక బడికి మార్చారు. పోయే రోజు నా నెత్తి మీద చెయ్యి పెట్టి, "నువ్వు చెప్పబట్టే పిల్ల దొరికింది. అది మాత్రం మరచిపోబాక," అన్నారు. నేను దాన్ని మరచిపోయి మిగిలిందంతా గుర్తు పెట్టుకున్నాను.

చాలా ఏళ్ళకి, ఆయన రిటైరై కావలిలో ఉంటున్నప్పుడు, వెతుక్కుంటూ పోయాను. ఎందుకు నా పేరు చెప్పలేదని అడిగాను. "పన్నెండేళ్ళ పిల్ల చేతిలో పదహారుమందిని పెట్టింది నేను. లెక్క నీదెట్టా అవతది?" అన్నారు. ఆ రోజు మీకు భయం వెయ్యలేదా సార్ అని కూడా అడిగాను. ఆయన లోపలికి చూసి, "అమ్మాయికి కాఫీ ఇయ్యండి, చానా దూరం నుంచి వచ్చింది," అని కేకేశారు. అందరి భయాలూ అడిగి చెప్పించుకున్న మనిషి తన సంగతి వచ్చేసరికి కాఫీతో సరిపెట్టారు.

పోయిన నెల కావలి వెళ్ళాను. సారుని వసారాలో పడుకోబెట్టారు. మస్తాన్‌బీ నాకంటే ముందే వచ్చి ఉంది. నెల్లూరులో ఉంటుంది, మనవలున్నారు, మోకాళ్ళ నొప్పులు. నా పక్కన గోడకి ఆనుకుని నిలబడింది. తర్వాత మెల్లిగా చెప్పింది.

"నీకెప్పుడూ చెప్పలా గదక్కా. ఆ పొద్దు పడవ నా కాడికి వస్తా ఉంటే చూసినా. సారు రెండు చేతుల్తో పడవ అంచులు పట్టుకోనుండాడు. కళ్ళు గట్టిగా మూసుకోనుండాడు. కళ్ళు మూసుకోనే నన్ను పిలస్తా ఉండాడు, ఆపకుండా. పడవ ఇసకకి తగిలినా తెరవలా. నేనే నీళ్ళల్లోకి పోయి ఆయన చెయ్యి పట్టుకున్నా. ఒడ్డొచ్చింది సార్, కళ్ళు తెరవండి అన్నా."

ఆయన ముఖం వైపు చూస్తూ అలాగే నిలబడింది.