కాకి పొడిచిన రిమోట్

నేను టీవీకి కామెడీ సీరియల్ రాస్తాను. అందులో తాత వేషం వేసే పెద్దాయన పోయాడు. ఆయనకి వీడ్కోలు చెప్పే ఎపిసోడ్‌లో ఒక్క జోకు కూడా ఉండకూడదని డైరెక్టర్ పట్టు. మాచర్ల బస్సులో కూర్చుని ఫోన్లో సరేనన్నాను.

పక్క సీట్లో పెద్దావిడ అంతా విన్నది.

"మా ఆయన దినం రోజు పిండాన్ని కాకి ముట్టలేదయ్యా. అది చేస్తాం, ఇది చేస్తాం అని పిల్లలు ఎంత చెప్పుకున్నా రాలా. బతికుండగా టీవీ రిమోట్ ఎవురికీ ఇచ్చేవోడు కాదు. మా మరిది దాన్ని తెచ్చి విస్తరి పక్కన పెట్టాడు. కాకొచ్చి ముందు దాన్నే పొడిచింది. అందరం నవ్వాం."

"తప్పనిపించలేదా అమ్మా?"

"తప్పేంది? ఆయన పోయినకాణ్ణుంచి నాకు ఏడుపే రాలా. ఆ నవ్వుతోనే వచ్చింది."

గురజాలలో దిగబోతూ అడిగింది, "మీ సీరియల్ తాత ఏది ఎవురికీ ఇచ్చేవోడు కాదు?"

మాచర్ల దగ్గరపడ్డాక తట్టింది. షూటింగులో ఆయన లేచెళ్తే, బస్సు సీటుకి తువ్వాలు వేసినట్టు, తన కుర్చీలో చెప్పులు పెట్టి వెళ్ళేవాడు.

నవ్వొచ్చింది. ఆ వెంటనే కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.