గరిటక్క పెట్టిన పసుపు చుక్క

ఆ వీధిలో బండి మొరాయిస్తే జనం ముందు బండిని తిడతారు, ఆ తరువాత గరిటక్కను పిలుస్తారు. ఆమెకు కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటుంది గానీ, అది ఓటరు జాబితాలో తప్ప ఇంకెక్కడా వినబడదు. అత్తగారి వంటింట్లోంచి ఎత్తుకొచ్చిన పొడుగు కాడ స్టీలు గరిట ఆమె ఆయుధం. కాడ కొన ఇంజన్ మీద ఆనించి, గరిట గుంటను చెవికి అదిమిపెట్టి, కళ్ళు మూసుకుని వింటుంది. విన్నాక ఆమె చెప్పిన మాట ఇంతవరకు తప్పలేదట. ఈ సంగతి వీధిలో వాళ్ళు చెప్పరు, అడిగినా అడక్కపోయినా ఆమే చెబుతుంది.

"నా గరిట ఎప్పుడు తెచ్చిస్తావమ్మాయ్?" అని అత్తగారు పదిహేడేళ్ళుగా అడుగుతూనే ఉంది.

"రేపు అత్తయ్యా," అని ఈమె పదిహేడేళ్ళుగా చెబుతూనే ఉంది.

బళ్ళు బాగుచేసే షెడ్డు మామగారిది. కాపురానికి వచ్చిన కొత్తలో ఆమెకు స్పానర్ ఏదో పట్టకారు ఏదో తెలియదు. భర్త లారీ డ్రైవరు, నెలకు ఇరవై రోజులు రోడ్డు మీదే. వంటింట్లో అత్తగారు గిన్నె ముట్టనివ్వదు. ఊరికే కూర్చుంటే పిచ్చెక్కేలా ఉందని ఒకరోజు మామగారికి క్యారేజీ తీసుకెళ్ళింది. ఆయన తిని లేచేలోపు ఒక పెట్రోలు పంపును ముక్కలు ముక్కలుగా విప్పి గోనెపట్టా మీద పరిచింది. అయిపోయింది, ఇంటికి పంపించేస్తారనుకుంది. ఆయన చేతులు తుడుచుకుంటూ వచ్చి, "విప్పడానికేముందమ్మా, ఎవరైనా విప్పుతారు. బిగించి చూపించు," అన్నారు. సాయంత్రానికి బిగించింది. మళ్ళీ వంటింటి వైపు తొంగి చూస్తే ఒట్టు.

ఆయన నేర్పిన వాటన్నిటిలోకీ ఆమె నెత్తిన పెట్టుకున్నది పసుపు చుక్క. ఏ బోల్టునైనా చల్లగా ఉన్నప్పుడు ఒకసారి బిగించాలి. ఇంజన్ వేడెక్కాక మరోసారి బిగించాలి. అప్పుడు దాని తల మీద పసుపు రంగుతో చుక్క పెట్టాలి. చుక్క పడ్డ చోట పని ముగిసినట్టు. ఇక దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు, అనుమానించకూడదు. "చుక్క పెట్టడమంటే మాటివ్వడమే," అనేవారాయన. ఆయన పోయి ఎనిమిదేళ్ళయింది. రంగు డబ్బా, కుంచె, ఆ కట్టుబాటు మూడూ గరిటక్క చేతికి వచ్చాయి.

ఇక మరిది కారు సంగతికొద్దాం. మరిది షెడ్డు పక్క గదిలోనే లేత్ మిషన్ నడుపుతాడు. నోట్లో నాలుక లేని మనిషి. నాలుగు మాటలు అడిగితే ఒకదానికి బదులిస్తాడు, అదీ నవ్వుతో. అలాంటివాడికి ఎక్కడినుంచి పుట్టిందో పిచ్చి, తుక్కుబజారులో రోటరీ ఇంజన్ ఒకటి పట్టుకొచ్చాడు. మామూలు ఇంజన్లలో పిస్టన్లు పైకీ కిందికీ కొట్టుకుంటాయి. ఇందులో పిస్టన్లుండవు. మూడు మూలల రోటర్ ఒకటి కడుపులో గిరగిరా తిరుగుతుంది, అంతే. దాన్ని ఒక పాత రెండు తలుపుల కారులో కూర్చోబెట్టడానికి ఆరేళ్ళు పట్టింది. కారులో సగం సామాను అతను తన లేత్ మీద తానే చేసుకున్నాడు. పెట్రోలులో గాలి కలిపే కార్బురేటర్ పని అతనిది, పొగగొట్టం పని వదినది.

కారు లేడిలా పరుగెత్తేది. చిక్కల్లా కాలు తీసినప్పుడే. యాక్సిలరేటర్ మీంచి పాదం ఎత్తీ ఎత్తగానే వెనక గొట్టంలో ఢాం! ఢాం! అని పేలేది. వీధిలో పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్ళు, కుక్కలు బల్లల కిందికి దూరేవి.

ఇంజన్ మార్చిన బండి రోడ్డెక్కాలంటే తనిఖీ కేంద్రంలో నెగ్గాలి. అక్కడి అధికారిని అందరూ కొలతల సారు అంటారు, మెడలో శబ్దం కొలిచే మీటరు లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు. మొదటిసారి ఢాం అన్నప్పుడు ఆయన చేతిలో పెన్ను ఎగిరిపోయింది. రెండోసారి ఆయనే ఎగిరిపడ్డాడు. "మూడోసారి కూడా ఇలాగే మోగిందంటే అనుమతి రద్దు. ఇంజన్ పీకి పక్కన పెట్టుకోవాల్సిందే," అని కాగితం మీద రాసి మరీ ఇచ్చాడు. ఆ మూడోసారి ఈ వేళే, సాయంత్రం నాలుగింటికి. మరిది ఆరేళ్ళ కష్టం ఆ ఒక్క తనిఖీ మీద వేలాడుతోంది.

"ఏం కంగారుపడకు, మధ్యాహ్నానికి దీని నోరు మూయిస్తా," అంది గరిటక్క పొద్దున్నే, చీర కొంగు బొడ్లో దోపుకుంటూ. ఆ గొంతులో తొణుకూ బెణుకూ లేదు. ఉండాల్సిన అవసరం ఆమెకు ఎన్నడూ కనబడలేదు.

జబ్బేమిటో ఆమెకు తెలుసు. కాలు తీసినప్పుడు ఇంజన్లో కాస్త పెట్రోలు కాలకుండానే గొట్టంలోకి జారుతుంది. గొట్టం ఎర్రగా కాగి ఉంటుంది. దానికి ఎక్కడినుంచో కొత్త గాలి తోడైతే భగ్గుమని పేలుతుంది. అంటే పెట్రోలు ఎక్కువై ఉండాలి, లేదా గాలి ఎక్కడో దూరుతూ ఉండాలి. పెట్రోలు మరిది పని కాబట్టి మొదటి అనుమానం అతని మీదికే పోయింది. మూడు వారాల్లో అతని చేత ఆ కార్బురేటర్‌ను ఏడుసార్లు విప్పించింది. పాపం, ఏడుసార్లూ అతను కిమ్మనకుండా విప్పాడు, కడిగాడు, బిగించాడు. చప్పుడు మాత్రం పిసరంతైనా తగ్గలేదు.

"సరే, గాలినే పట్టుకుందాం," అంది ఇవాళ.

ఇంజన్ చల్లగా ఉండగానే స్టార్ట్ చేయించి, గొట్టం వెనక మూతికి తడిగుడ్డ కుక్కింది. లోపల పొగ దారిలేక ఎక్కడ సందుంటే అక్కడినుంచి బయటికి తంతుంది. ఆ చోట సబ్బునీళ్ళు పోస్తే బుడగలొస్తాయి. సైలెన్సరు అతుకులు చూసింది, బుడగ లేదు. పొగలోకి గాలి ఊదే పాత పంపును తీసేసిన చోట మరిది వేసిన మూతరేకు చూసింది, అక్కడా లేదు. గరిట ఆనించి విన్నది. ఇంజన్‌కూ గొట్టానికీ జాయింటు, దాని పక్కనే మూతరేకు ఉన్న వైపు సన్నగా 'చుస్స్' మంటోంది.

"బుడగ రాకపోతేనేం, మూతరేకులోదే ఈ కూత," అంది.

"జాయింటు దగ్గరేమో వదినా..." అని మరిది నసిగాడు.

"జాయింటా? పసుపు చుక్కలు నాలుగూ కనబడటం లేదూ? అది నా పని!"

మరిది స్పానర్ అందుకున్నాడు. మూతరేకు విప్పి, కొత్త రేకు వేసి మళ్ళీ బిగించాడు. చుస్స్ అలాగే ఉంది. గోడగడియారం పదకొండు దాటింది. గరిటక్క మొహం మాడ్చుకుని, "ఇంకో చెంబుడు సబ్బునీళ్ళు పట్టుకురండి అత్తయ్యా!" అని కేకేసింది.

అత్తగారు చెంబుతో వచ్చింది. ఆవిడ వచ్చింది నిజానికి గరిట కోసం. అది కోడలి చెవి దగ్గర ఉండటం చూసి ఒళ్ళు మండింది. "ఎక్కడ పోయాలే ఇది?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా, అంట్లగిన్నె తోమినట్టు ఆ చుట్టుపక్కలంతా పోసి బ్రష్షుతో ఒక్క రుద్దు రుద్దింది.

"అత్తయ్యా! అక్కడ కాదు, అక్కడ చుక్కలున్నాయి!"

"నీ చుక్కలు తగలెయ్య. ఇటు చూడు, పాలు పొంగినట్టు ఎలా పొంగుతోందో!"

మూడో చుక్క కింద, జాయింటు అంచున, సబ్బు బుడగలు బుసబుసమని ఉబ్బి పగులుతున్నాయి.

గరిటక్కకు తల కొట్టేసినట్టయింది. ఆ జాయింటు వేసిన సాయంత్రం కళ్ళముందు కదిలింది. జాయింటును చల్లగా ఉన్నప్పుడు బిగించింది. ఇంజన్ వేడెక్కించి మళ్ళీ బిగించాలి. ఈలోపు రంగు డబ్బా మూత తెరిచే ఉంది, కుంచె ఆరిపోతోంది. 'రేపు బిగిస్తాలే, చుక్కదేముంది' అని నాలుగు చుక్కలూ పెట్టేసింది. తెల్లారి చుక్కలు కనబడగానే పని అయిపోయిందనే అనుకుంది. తన చుక్కకు తానే మోసపోయింది.

మరిది వైపు తిరిగింది. "నీకు తెలుసు కదూ?"

అతను నేల చూపులు చూశాడు. "రెండో వారంలో ఆ అంచున మసి కనబడింది వదినా."

"మరి నోట్లో ఏం పెట్టుకున్నావ్? కార్బురేటర్ ఏడుసార్లు విప్పావు కదా!"

"నీ చుక్క ఉంది కదా. నా కళ్ళే తప్పేమో అనుకున్నా."

ఆ మాట కంటే తిట్టినా బాగుండేది. ఆమెకు ఏడుపొచ్చింది, సిగ్గేసింది, రెండూ దాచుకోలేదు.

అత్తగారు చెంబు కింద పెట్టింది. "ఎందుకే అంత ఇదైపోతావు? మీ మామగారు చుక్క పెట్టి ఇంటికొచ్చి పడుకునేవాడు. తెల్లారకముందే లేచి, పిల్లిలా షెడ్డుకెళ్ళి, ఆ చుక్కల మీదే మళ్ళీ స్పానర్ వేసి చూసుకునేవాడు. రోజూ అంతే. నాకు తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు, మహా పరువు కదా ఆయనకి!"

 ఆయన దగ్గర సగం పని నేర్చుకుని, మొత్తం నేర్చుకున్నానని ఇన్నేళ్ళూ గరిటక్క విర్రవీగిందన్నమాట. చెంపలు తుడుచుకుని, ఉలి తీసుకుని నాలుగు చుక్కలూ గీకిపారేసింది.

బోల్టులు తీస్తే, జాయింటు మధ్య సందు మూసే ప్యాకింగ్ ఒక మూల నల్లగా మాడి ఉంది. వేడికి అణిగి సందు పడింది. కాలు తీసినప్పుడల్లా గొట్టం ఆ సందులోంచి బయటి గాలిని పీల్చుకుంటోంది. కొత్త ప్యాకింగ్ వేసి బిగించింది. ఇంజన్ కాగేదాకా నడిపి, చేతులకు గుడ్డ చుట్టుకుని మళ్ళీ బిగించింది. మరిది కార్బురేటర్‌ను మొదట తను పెట్టుకున్న కొలతకే తిప్పేశాడు. ఆ కొలతలో అసలు తప్పే లేదు.

మూడుంపావుకు బయలుదేరారు. తనిఖీ కేంద్రంలో కొలతల సారు దూరంగానే నిలబడి, కాగితంలో ఒక గడి చూపించాడు. "లోపం ఏమిటి, ఎవరి పనిలో ఉంది, రాయాలి. కార్బురేటరేనా?"

"అవునండి, నాదే..." అని మరిది అందుకోబోయాడు.

"నువ్వుండు," అంది గరిటక్క. "జాయింటండీ. వేడి మీద బిగించకుండానే బిగించానని గుర్తు పెట్టాను. తప్పు నాది, నా పేరే రాయండి."

ఓటరు జాబితాలో పేరు ఆ రోజు ఇంకో కాగితం మీదికెక్కింది.

మరిది ఎక్కి కూర్చున్నాడు. యాక్సిలరేటర్ తొక్కాడు. ఇంజన్ ఝుమ్మని లేచింది. కొలతల సారు ముందుజాగ్రత్తగా పెన్ను జేబులో పెట్టేసుకుని, కాలు తీయమన్నట్టు చేయి దించాడు. మరిది కాలు తీశాడు. ఝంకారం మెల్లగా దిగి, దిగి, నెమ్మదించింది. ఏమీ పేలలేదు. మళ్ళీ తొక్కించారు, మళ్ళీ తీయించారు, పదిసార్లు. చివరికి సారు మీటరు మెడకు తగిలించుకుని, "ఇదే కారా?" అని అడిగాడు, కాగితం మీద ముద్ర కొడుతూ. మరిది స్టీరింగ్ మీద తల ఆనించి చిన్నపిల్లాడిలా వెక్కి ఏడ్చాడు. గరిటక్క అతని వీపు నిమిరింది.

ఇంటికొచ్చాక ఆమె రంగు డబ్బా తీయలేదు.

మర్నాడు తెల్లవారుతుండగా లేచి, స్పానర్ పట్టుకుని షెడ్డుకు వెళ్ళింది. తలుపు అప్పటికే తీసుంది. కారు కిందినుంచి రెండు కాళ్ళు కనిపిస్తున్నాయి. ఆమె అడుగుల చప్పుడుకు మరిది, దొంగతనం బయటపడ్డవాడిలా బయటికి జరిగాడు. చేతిలో స్పానర్ ఉంది. వదిన పని మీద అతను స్పానర్ వేయడం అదే మొదటిసారి.

"నిద్ర పట్టలేదు వదినా," అన్నాడు నీళ్ళు నములుతూ.

"కదిలిందా?"

"వెంట్రుకవాసి కూడా కదల్లేదు."

"జరుగు. నేనూ చూడాలి."

కిందికి దూరి నాలుగు బోల్టులూ చూసుకుంది. బయటికొచ్చి, పసుపు రంగు డబ్బా మూత తీసి, కుంచె అతని చేతిలో పెట్టింది.