జెండాలో మిరపగింజలు

పొద్దున్న బడిలో జెండా ఎగరేసినప్పుడు బంతిపూల రేకులతో పాటు మిరపగింజలు కూడా రాలాయి. జనగణమన సగంలో ఉండగానే ముందు వరుస పిల్లలు తుమ్ముతూ కళ్లు నులుముకున్నారు.

గుంటూరు వెళ్లి ఆ ఖద్దరు జెండాను ఎంచి తెచ్చిన టీచరుని నేనే. చక్రం రెండు వైపులా సరిగ్గా కనపడేదాకా షాపతనితో ఒక్కొక్కటీ విప్పించాను. మొన్న కుంకుడురసంతో ఉతికి నీడన ఆరేశాను. బడిలో తాళమున్న బీరువా లేదు గనుక పంచాయతీ ప్రెసిడెంటుగారింట్లో పెట్టాం.

"ఇందులో మిరపకాయలు ఎవరు కట్టారు?" అని అడిగాను. అందరి ముందు నేను నోరు విప్పడం అదే మొదలు.

"నేనేనమ్మా. నిన్న మిర్చి యార్డుకి మచ్చు కాయలు పట్టుకెళ్దామంటే శుభ్రమైన గుడ్డ అదే కనపడింది. దులిపే తెచ్చాగా!" అన్నారు ప్రెసిడెంటుగారు. "అయినా మన ఊరి జెండాకి ఆమాత్రం ఘాటు ఉండొద్దా?"

పెద్దలంతా నవ్వారు. హెడ్మాస్టరుగారు కూడా.

సాయంత్రం నేనే జెండా దించి మళ్లీ ఉతికాను. చేతులు ఇంకా మండుతున్నాయి. కోపం అంతకన్నా మండుతోంది. ఇకమీదట అది నా ట్రంకుపెట్టెలో, నా పుస్తకాల మీద ఉంటుంది. తాళంచెవి ఎవరడిగినా ఇవ్వను. మీరైతే ఇస్తారా?

ఆ పెట్టె ఉన్నదీ ప్రెసిడెంటుగారింట్లోనే. ఆయన మా నాన్న.