తొమ్మిది వేల నాలుగు వందల అరవై

గద్వాలలో ఒక మీసేవ కేంద్రంలో కంప్యూటర్ ఆపరేటర్‌గా పనిచేసే ప్రేమలత కీబోర్డు వైపు చూడకుండానే ఫారాలన్నీ నింపేస్తుంది. అంత వేగమున్న మనిషి ఆధార్ నంబరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆగిపోతుంది. ఒకసారి చదువుతుంది, మళ్లీ చదువుతుంది, ఎదురుగా ఉన్నవాళ్లతో పైకి చదివిస్తుంది. ఎంత జాగ్రత్త గల పిల్ల అని వచ్చినవాళ్లు మెచ్చుకుంటారు. జాగ్రత్తా కాదు, పాడూ కాదు. పదిహేనేళ్ల వయసు నుంచి ఆమెకు తన కళ్ల మీద నమ్మకం లేదు.

అప్పుడు ఆమె వనపర్తి పక్క ఊళ్లో హైస్కూల్లో పదో తరగతి. తల్లి ఏసమ్మ ఏడాదిలో ఎనిమిది నెలలు మట్టిపనికి బొంబాయి వైపు పోయేది, పిల్ల అమ్మమ్మ దగ్గర ఉండేది. బడికి వచ్చిన ఒకే ఒక్క కంప్యూటర్‌లో ఒక ఆట ఉండేది. పైనుంచి ఇంగ్లీషు అక్షరాలు రాలుతుంటాయి, నేల తాకేలోపు వాటిని కొట్టాలి. జిల్లా పోటీకి ఒకరిని పంపాలని లెక్కల సారు భాస్కర్ పందెం పెట్టాడు. పిల్లలు ఒక్కొక్కరే లోపలికి పోవాలి, ఒక్కటే ఆట ఆడాలి. ఆట అయ్యాక పేరు కొట్టేది మాత్రం సారే. పిల్లల చేతుల్లో కీబోర్డు పాడవుతుందని ఆయన భయమట. ఆట ఆడితే పాడవని కీబోర్డు పేరు కొడితే పాడవుతుందా అని అడిగే పిల్లలు ఆ బడిలో లేరు.

ప్రేమలతకు తొమ్మిది వేల నాలుగు వందల అరవై వచ్చింది. కళ్లారా చూసింది. మరచిపోతానేమోనని ఇంటిదాకా ఆ అంకె వల్లె వేసుకుంటూ పోయింది. మర్నాడు ప్రార్థనలో సారు అదే అంకె చదివి శ్రవణ్ కుమార్ మొదటివాడన్నాడు. ప్రేమలత రెండోది. ఆమె ఏడిస్తే, అప్పుడే బొంబాయి పనినుంచి వచ్చిన ఏసమ్మ నువ్వే సరిగ్గా చూసి ఉండవు లెమ్మని సర్ది చెప్పింది. పాపం ఆ తల్లి మాత్రం ఏం చేస్తుంది? సారుతో కొట్లాడే స్తోమత ఆమెకు ఎక్కడిది? ఇరవై ఏళ్లు గడిచినా ఆ పిల్లకు ఒక్కటే కావాలి. ఆ రోజు తను చూసింది నిజమో కాదో తేలాలి.

ఈమధ్య ఎక్కడ చూసినా పూర్వ విద్యార్థుల సమ్మేళనాలే. వీళ్ల బ్యాచ్ కూడా పెట్టుకుంది. శ్రవణ్ ఇప్పుడు గద్వాల చుట్టుపక్కల రైతులతో పత్తి విత్తనాలు పండించే పెద్దమనిషి. అతనే ఫోన్ చేశాడు. బడి స్టోర్‌రూంలో ఆ పాత కంప్యూటర్ ఇంకా ఉందట, ఆ ఆటను ఎట్లాగైనా నడిపించి పెద్ద తెర మీద చూపించాలట. ప్రేమలత రెండో మాట అనకుండా ఒప్పుకుంది.

బడికి పోయి, దుమ్ము కొట్టుకుపోయిన ఆ డబ్బా విప్పి హార్డ్‌డిస్క్ తెచ్చింది. తన లాప్‌టాప్‌కు తగిలిస్తే ఆట ఫైళ్లన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. నొక్కితే మాత్రం ఈ ప్రోగ్రాం ఈ కంప్యూటర్‌లో నడవదని కొత్త విండోస్ మొహం మీదే చెప్పింది. వెతగ్గా వెతగ్గా కొత్త మిషన్‌ను పాతదానిలా నటింపజేసే సాఫ్ట్‌వేర్ ఒకటి దొరికింది. ఎక్కించింది. ఆట మొదలైంది కానీ అక్షరాలు కంటికి ఆనకుండా రాలిపోయాయి. కొత్త మిషన్ ఉరుకు అది. మూడు రోజులు మధ్యాహ్నం అన్నం వేళ కేంద్రంలోనే కూర్చుని వేగం కొంచెం కొంచెం తగ్గిస్తూ వచ్చింది. మూడో రోజు అక్షరాలు చిన్నప్పటిలాగే నింపాదిగా దిగాయి. అప్పుడు స్కోర్ల పట్టిక తెరిచింది.

మొదటి వరుసలో శ్రవణ్, 9460. రెండో వరుసలోనూ శ్రవణే, 8120. మూడోది నాగేంద్రమ్మ. పది వరుసలూ వెతికినా ప్రేమలత పేరు లేదు.

ఒక్కటే ఆట ఆడినవాడికి రెండు స్కోర్లు ఎక్కడివి? తన కళ్లు మోసం చేయలేదు. తింటున్న అన్నం పక్కకు నెట్టి, మొహం కడుక్కుని వచ్చి, ఎదుట నిలబడ్డ ముసలాయన ఆధార్ నంబరు ఒక్కసారే చదివి కొట్టింది.

సమ్మేళనం రోజున తెర మీద పట్టిక వేసింది. శ్రవణ్ పేరు రెండుసార్లు ఉన్నది చూస్తే ఎవరో ఒకరికైనా అనుమానం రాదా అని ఆమె ఆశ. హాలంతా చప్పట్లు. ఫస్టూ ఆయనే, సెకండూ ఆయనే అని ఎవరో అరిచారు. శ్రవణ్ లేచి దండం పెట్టాడు. కుట్ర చేసినవాడి మొహం కాదది. నిజంగానే గెలిచానని ఇన్నేళ్లూ నమ్మినవాడి మొహం.

శాలువా కప్పించుకుని కూర్చున్న భాస్కర్ సారు దగ్గరికి పోయింది ప్రేమలత.

"సార్, ఒక్కొక్కరికి ఒక్కటే ఆట అన్నరు గద. శ్రవణ్ పేరు రెండుసార్లు ఎట్లొచ్చింది?"

ఆయన తెర వైపు చూశాడు. తడబడలేదు.

"నేనే కొట్టిన బిడ్డా. జిల్లాకు పోవాల్నంటే నలుగుర్ల నిలబడి మాట్లాడెటోడు గావాలె. నీకు గప్పుడు మంచి డ్రెస్సు గూడ లేకుండె. గంతమందిల నవ్వులపాలైతవని, నీ మంచికే జేసిన."

డ్రెస్సు కొనిచ్చి పంపితే అయిపోయేదే! ఆ మాట అనబోయింది. అంతలో ఎవరో సారును ఫొటోకు పిలుచుకుపోయారు. వెళ్తూ ఆయన ఆమె తలమీద చెయ్యిపెట్టి దీవించాడు కూడా.

భోజనాలయ్యాక శ్రవణ్ పెన్‌డ్రైవ్ పట్టుకొచ్చాడు. బిడ్డ వర్షకు నాన్న పేరు చూపించాలట. ఆట మొత్తం అందులో వేసిమ్మన్నాడు.

స్కోర్లు ఉండేది ఆ పాత హార్డ్‌డిస్క్‌లో ఒక చిన్న ఫైలు, దానికి ఇంకో కాపీ లేదు. అది తీసేసి ఇచ్చినా అతనికి తెలియదు. ఆమె వేలు డిలీట్ మీదికి పోయింది. కానీ అది పోతే శ్రవణ్ పేరుతో పాటు పక్కనున్న అంకె కూడా పోతుంది. లోకంలో ప్రేమలత గెలిచిందనడానికి మిగిలింది ఆ ఒక్క అంకే. ఏ ఫైలూ ముట్టుకోకుండా అంతా కాపీ చేసి అతని చేతిలో పెట్టింది.