ఆఖరి ఓవరుకు ముందు జపమాల

నిన్న తిరుపతి హాస్టల్లో కరెంటు పోయింది. రూమ్మేటు కొవ్వొత్తి వెలిగించగానే ఆ మైనం వాసనకు నా చెయ్యి జపమాల కోసం జేబు తడుముకుంది. క్యాథలిక్ ఇళ్లలో పెరిగిన మిత్రులారా, మీకూ ఇంతేనా?

చిత్తూరులో మా ఇంట్లో కొవ్వొత్తి వెలిగించి చెప్పే జపమాల ముగియనిదే టీవీ పెట్టకూడదు. నా చిన్నప్పుడు ఒక సాయంత్రం ఇండియా మ్యాచ్ ఆఖరి ఓవరుకు వచ్చింది, కరెంటు కోత వేళా దగ్గరపడింది. గోడ అవతల పక్కింట్లో ఒకటే కేకలు. నేను పరమభక్తితో, జపమాలలో పదే పదే చెప్పే మంగళవార్త జపాన్ని సగం మింగేశాను.

“యాడికిరా అంత తొందర? మళ్లీ మొదట్నుంచి చెప్పు,” అన్నాడు నాయన, కళ్లు తెరవకుండానే.

చెప్పాను. ఆమెన్ అని టీవీ స్విచ్ నొక్కగానే ఊరంతా చీకటి. గోడ అవతల కూడా నిశ్శబ్దం.

“కొవ్వొత్తి ఎట్లాగూ వెలుగుతానే ఉండాది,” అన్నాడు నాయన. “కూసో అబ్బా, ఇండియా కోసం ఇంకో జపమాల చెప్పుకుందాం.”